కోడ్ రాయకముందు ఒకసారి మండీకి రా, పాపా

అనంతపురం

పాపకు మామ ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంటినిండా చుట్టాలున్నారు, సరిగా మాట్లాడలేకపోయాను. జీతం కాక నెలకు ఇంకో పదిహేను వేలు వస్తే మీ నాయన బోర్ల కోసం చేసిన అప్పు రెండేళ్లలో తీరిపోతుందన్నావు. ఆ లెక్క నేనూ వేసి చూశాను, నిజమే. నువ్వు అలా ఆలోచించినందుకు నాకు చాలా సంతోషమైంది. అందుకే తొందరపడి తప్పు దారిలో ఒక ఏడాది పోగొట్టుకోకూడదని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ యాప్ సంగతి. నువ్వూ నీ ఫ్రెండూ ఆరు నెలలు రాత్రుళ్లు కూర్చుని ఖర్చులు రాసుకునే యాప్ చేసి, ప్లే స్టోర్‌లో ఉచితంగా పెట్టి, యాడ్స్ మీద సంపాదిద్దామన్నారు. వద్దు పాపా. 2013లో నేను బెంగళూరులో ఉన్నప్పుడు సరిగ్గా ఇదే చేశాను. నాది బస్సు టైమింగుల యాప్. కొన్ని వేల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారు, మంచి రేటింగ్ కూడా ఇచ్చారు. యాడ్స్ డబ్బు మన బ్యాంకులో పడాలంటే గూగుల్ ఖాతాలో 100 డాలర్లు చేరాలి. ఏడాదిన్నరకు నా ఖాతాలో చేరింది 41 డాలర్లు. మీ అత్త జ్వరంతో పడుకున్న రోజు కూడా నేను పక్క గదిలో బస్సు టైమింగులు సరిచేస్తున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడైతే మొదటి మెట్టే ఎత్తయింది. ప్లే స్టోర్‌లో ఖాతాకు ఒకసారి కట్టే 25 డాలర్లు పెద్ద సంగతి కాదు. కొత్తగా సొంత పేరు మీద ఖాతా తెరిచినవాళ్లు కనీసం 12 మందితో వరసగా 14 రోజులు యాప్‌ని టెస్ట్ చేయించాకే అందరికీ విడుదల చేయడానికి అనుమతి అడగాలి. అంతా చేసి లోపలికి వెళ్లాక, అలాంటి యాప్‌లు అక్కడ లెక్కలేనన్ని ఉంటాయి.

నాకు దారి కనిపించింది 2016లో, మీ తాత చీనీకాయల (బత్తాయి) లోడుతో ఇక్కడి మార్కెట్ యార్డుకు వెళ్లినప్పుడు. వేలం అయిపోయింది. మండీలో గుమస్తా తక్‌పట్టీ, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ, రాస్తున్నాడు. కార్బన్ పేపర్ పెట్టి, తూకం, సూటు పేరుతో తూకంలో తగ్గించింది, టన్ను ధర, హమాలీ, ఇతర ఖర్చులు, చివరకు రైతు చేతికి వచ్చేది. మా ముందు పద్నాలుగు మంది ఉన్నారు. ఇంత ఆలస్యమేమిటని అడిగితే ఆయన ఒక మాటన్నాడు: ‘ఇది రాసేది ఒకెత్తు సార్, రాత్రికి ఇదంతా మళ్లీ ట్యాలీలో కొట్టాల.’ 

చేత్తో ఒకసారి, ట్యాలీ అనే ఖాతాల ప్రోగ్రాంలో ఒకసారి, ఒక మనిషి ఒకే లెక్కను రోజుకు రెండుసార్లు చేస్తున్నాడు. తప్పు పోతే తన జీతంలో కోత. యజమాని చేతిలో డబ్బు ఆడుతోంది, ఆ ఇబ్బంది పోతే డబ్బులివ్వడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. పాపా, నువ్వు వెతకాల్సింది ఇలాంటి చోటు.

నేను వెంటనే కోడ్ మొదలుపెట్టలేదు. ఆ పనొక్కటీ నేను మంచిగా చేశాననుకుంటాను. మూడు వారాలు, వారానికో రోజు, ఆ గుమస్తా పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ఆయన కుడి చెయ్యి నంబర్ల మీట మీద నుంచి కదలదు, మౌస్ ముట్టుకోడు. కాబట్టి అంతా ఎంటర్ మీట మీదే నడవాలి. కరెంటు పోతే సగం రాసిన పట్టీ పోకూడదు. రైతు తన కాగితాన్ని తెలుగులోనే చూసుకోవాలి, పక్కన ఉన్న కొడుకుతో చదివించుకోవాలి. ఇవేవీ ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తట్టే సంగతులు కావు.

ఆ తెలుగు ప్రింటు దగ్గర నేను పదిరోజులు ఇరుక్కుపోయాను. నీకు ఆ పదిరోజులు మిగలాలని చెప్తున్నాను. బిల్లులు కొట్టే చిన్న థర్మల్ ప్రింటర్లలో మామూలుగా తెలుగు అక్షరాలు ఉండవు. నువ్వు తెలుగు పంపితే ప్రశ్నార్థకాలో, పిచ్చి గీతలో వస్తాయి. పట్టీ మొత్తాన్ని ముందు ఒక బొమ్మగా తయారు చేసి, ఆ బొమ్మను ప్రింటర్‌కు పంపాలి. మూడంగుళాల ప్రింటర్‌కు సాధారణంగా 576 చుక్కల వెడల్పు, రెండంగుళాలదానికి 384. ఒత్తులు కలిసిపోకుండా అక్షరాన్ని కొంచెం పెద్దదిగా పెట్టు. ట్యాలీ సంగతి ఇంతకంటే సులువు. అది నడుస్తున్న కంప్యూటర్‌లోనే 9000 పోర్టులో వింటూ ఉండేలా సెట్టింగ్ పెట్టొచ్చు. అక్కడికి పట్టీ వివరాలను ఎక్స్‌ఎంఎల్ రూపంలో పంపితే ఖాతాలో పద్దు (వోచర్) దానంతట అదే పడుతుంది. గుమస్తా రాత్రి ఎనిమిదికి ఇంటికి పోవడం మొదలయ్యాక, పక్క మండీవాళ్లే నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

ఇక ధర. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ చేశాను. మొదటి ఐదు మండీల దగ్గర తలా ఎనిమిది వేలు ఒకేసారి తీసుకున్నాను. నలభై వేలు చూసి చాలా సంపాదించాననుకున్నాను. తర్వాత రెండేళ్లు ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా నాకే ఫోన్, విండోస్ అప్‌డేట్ అయినా నాకే ఫోన్. ఒక్క రూపాయి అడగడానికి నోరు రాలేదు, ఎందుకంటే నేనే ‘ఒకేసారి’ అన్నాను. చివరకు ధైర్యం చేసి, ఇకపై ఏడాదికి ఆరు వేలు, అందులోనే ఫోన్లు, మార్పులు అన్నీ అని చెప్పాను. ఇద్దరు మానేశారు. ముగ్గురు ఉండిపోయారు. ఇప్పుడు పద్నాలుగు మంది ఉన్నారు. అంటే ఏడాదికి 84,000, నెలకు ఏడు వేలు. నువ్వు మొదటి రోజు నుంచే ఏడాది లెక్కన అడుగు. రోజుకు పదహారు రూపాయలు పడుతుందని చెప్తే వ్యాపారస్తుడికి వెంటనే అర్థమవుతుంది.

నీకు కావాల్సిన పదిహేను వేలకు ఇదే ధరలో ముప్ఫై షాపులు కావాలి. ముప్ఫై చేరడానికి నీకు కనీసం రెండేళ్లు పడుతుందని నా అంచనా. కాబట్టి మొదటి ఏడాది ఈ డబ్బును నమ్ముకుని మీ నాయన అప్పు వాయిదాలు పెట్టుకోవద్దు. ఆ వాయిదా జీతంలోంచే పోవాలి. ఇది నిన్ను నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. నెలకు నాలుగు వేలు వస్తున్నప్పుడు నువ్వు దిగులు పడకుండా ఉండాలని చెప్తున్నాను.

ఏడాది రుసుము ఎందుకు న్యాయమో ఒక సంఘటన చెప్తాను. ప్రొద్దుటూరులో ఒక రెడీమేడ్ బట్టల షాపుకు బిల్లింగ్ చేసిచ్చాను. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి కదా. అంతవరకు వెయ్యి రూపాయల లోపు బట్టకు 5 శాతం, పైన 12. ఆ రోజు నుంచి 2,500 వరకు 5 శాతం, దాటితే 18. దసరా అమ్మకాలు మొదలయ్యే రోజు. నేను ఆ వెయ్యిని నేరుగా కోడ్‌లో రాసి ఉన్నాను. ముందురోజు రాత్రి రెండింటి వరకు కూర్చుని మార్చాను. తర్వాత ఇంకో తలనొప్పి వచ్చింది. పాత రేటుకు కొన్న చొక్కాను కస్టమర్ తిరిగి తెస్తే పాత రేటుతోనే లెక్క కట్టాలి. అందుకని పన్ను రేటును ఎప్పుడూ కోడ్‌లో రాయకు. ఒక పట్టికలో పెట్టి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని పక్కన రాయి. ఆ రాత్రి నేను ఫోన్ ఎత్తకపోతే పొద్దున ఆ షాపులో బిల్లులన్నీ తప్పు వచ్చేవి. ఆ షాపాయన ఏడాదికి కట్టేది దానికే.

దూరదేశంలోనూ ఇదే కథ. పాట్రిక్ మెకెంజీ అనే అమెరికన్ జపాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ 2006లో బింగో కార్డ్ క్రియేటర్ అనే చిన్న ప్రోగ్రాం అమ్మకానికి పెట్టాడు. బడి టీచర్లు పిల్లలతో పదాల ఆట ఆడించడానికి కార్డులు అచ్చు వేసుకునేది. అంతే, ఇంకేం చేయదు. దాని అండతో 2010లో ఉద్యోగం మానేయగలిగాడు. చేత్తో కార్డులు రాసుకునే టీచరు శ్రమ ఆయనకు కనిపించింది.

మన చుట్టుపక్కల ఇలాంటివి ఎన్నో. ధర్మవరంలో మగ్గాల యజమాని నేతన్నకు వార్పు (పడుగు దారం) ఇస్తాడు, అడ్వాన్స్ ఇస్తాడు, చీర దిగాక కూలీలో కోసుకుంటాడు. ఆ లెక్క ఇప్పటికీ చాలా చోట్ల నోటు పుస్తకంలోనే ఉంది, ఇద్దరికీ గొడవ వచ్చేది అక్కడే. తాడిపత్రిలో నాపబండల పాలిష్ దగ్గర రకరకాల సైజుల బండలు కొలిచి చదరపు అడుగుల్లోకి మార్చుకుంటారు. నాకు అన్నింటికంటే ఇష్టమైంది డీటీపీ షాపుల పని. ఏళ్ల తరబడి ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన పుస్తకాలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు వాళ్ల దగ్గర కుప్పలుగా ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఫోన్లన్నీ వాడే యూనికోడ్‌లోకి మార్చకపోతే ఫోన్‌లో చదవలేం, వెతకలేం. అను ఫైల్‌లో ఉండేది అక్షరాల ఆకారాలు మాత్రమే, కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేస్తే సరిపోదు. ఒత్తులు, గుణింతాలు ఏ అక్షరానికి చెందుతాయో చూసి పేర్చాలి. తెలుగు బాగా వచ్చిన నీలాంటి అమ్మాయికి తగిన పని. నువ్వు చేస్తే నేను మొదటి గిరాకీని తెచ్చిపెడతాను.

ఈ రోజుల్లో కోడ్ సగం ఏఐ రాసిపెడుతుంది కదా, ఇక మనకేం మిగులుతుందన్నావు. వాడుకో, మొహమాటం వద్దు. నాకు వారం పట్టేది నీకు ఒక రోజులో అయిపోతుంది. కానీ గుమస్తా మౌస్ ముట్టుకోడని దానికి నువ్వు చెప్పాలి. నీకు తెలియాలంటే స్టూల్ వేసుకుని కూర్చోవాలి. అది రాసిన పన్ను లెక్కను మాత్రం పాత బిల్లులు పెట్టి నువ్వే సరిచూడు.

ఉద్యోగం సంగతి చాలా ముఖ్యం, ఇది రెండుసార్లు చదువు. నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి పని గురించి ఏముందో ముందు చూడు. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసినట్టు చెప్పారు. నీది వేరే రకం పనే అయినా, మేనేజర్‌ని అడిగి మెయిల్‌లో అనుమతి తెచ్చుకో. ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక్క లైను కూడా రాయకు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు యజమానే. ఏది ఎప్పుడు ఎక్కడ రాశావన్న గొడవే రాకుండా చూసుకో.

అదే చట్టం నీకు మేలు కూడా చేస్తుంది. బయటివాళ్లకు నువ్వు చేసిచ్చిన ప్రోగ్రాం మీద హక్కు, నువ్వు రాతపూర్వకంగా రాసిచ్చేదాకా నీదే. షాపుకు వాడుకునే హక్కు ఇవ్వు, కోడ్ నీ దగ్గరే ఉంచుకో. అప్పుడే దాన్ని ముప్ఫై షాపులకు ఇవ్వగలవు. ఒక కోచింగ్ సెంటర్ 2018లో నాతో హాజరు ప్రోగ్రాం చేయించుకుని, కోడ్ మొత్తం తీసుకుని, డబ్బు రేపు మాపని చెప్పి ఇవ్వలేదు. కాగితం లేదు, అడ్వాన్స్ లేదు, నాలుగు నెలల ఆదివారాలు పోయాయి. అప్పటి నుంచి సగం డబ్బు చేతిలో పడకుండా మొదలుపెట్టను. ఏం చేస్తాను, ఏం చేయను, ఎంత, ఎప్పుడు అని వాట్సాప్‌లోనైనా రాసి, ‘సరే’ అనిపించుకుంటాను. బంధువులతో కూడా అంతే. మొహమాటంతో ఉచితంగా చేస్తే వాళ్లూ వాడరు, నీకూ విసుగొస్తుంది.

పన్ను గురించి రెండు మాటలు. జీతం ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్-1 నీకు ఇక పనికిరాదు, మొదటి ఏడాది ఒక ఆడిటర్ దగ్గరకు వెళ్లు. ఏడాదికి 20 లక్షలు దాటేవరకు సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఆ టెన్షన్ పెట్టుకోకు. ఈ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరువు.

వారానికి ఎనిమిది గంటలే పెట్టు. శని, ఆదివారాలు ఉదయం నాలుగేసి గంటలు. రాత్రుళ్లు వద్దు. నీకు ముందే నిద్ర తక్కువని మీ అమ్మ బాధపడుతోంది. షాపులవాళ్లకు ఫోన్ చేసే వేళలు ముందే చెప్పు, నీ ఆఫీసు మీటింగ్‌లో ఉన్నప్పుడు ఎవరు ఎత్తాలో కూడా ఆలోచించుకో. మొదటి ఐదు షాపుల వరకు పగటి ఫోన్లు నా నంబర్‌కు పెట్టు, నేను చూసుకుంటాను.

వచ్చే నెల ఊరికి వస్తానన్నావు కదా. శుక్రవారం రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి ఇక్కడ దిగుతావు. టిఫిన్ చేసి నేరుగా యార్డుకు పోదాం, గుమస్తాకు ముందే చెప్పి ఉంచుతాను. మధ్యాహ్నం సప్తగిరి సర్కిల్ వైపు రెండు డీటీపీ షాపులు చూద్దాం. లాప్‌టాప్ తేవద్దు, ఒక నోటు పుస్తకం చాలు.

మీ మామ