మొదటి గ్రామసభకు వెళ్లే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయు లేఖ.

పాడేరు వైపు ఒక మండలంలో ఎంపీడీవోగా చేరావని మీ అమ్మ చెప్పిన రోజు నుంచి నీకు ఈ ఉత్తరం వ్రాయాలని అనుకుంటూనే ఉన్నాను. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగిన మాట నన్ను తొందరపెట్టింది. ఏజెన్సీలో గ్రామసభ అంటే రిజిస్టరులో సంతకాలు సేకరించడమేనని ఆఫీసులో అందరూ అంటున్నారనీ, అంతకుమించి చేయవలసింది ఏమైనా ఉన్నదా అనీ అడిగావు. ఉన్నది. ఆ పని నేను తెలియక చెడగొట్టి నేర్చుకున్నాను కనుక కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఏజెన్సీ అనే మాట సంగతి. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకు మామూలు చట్టాలు వర్తించవని ప్రత్యేక చట్టం చేసి, అక్కడ కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించారు. ఆ ఏజెంటు ఏలిన నేల కాబట్టి అది ఏజెన్సీ అయింది. పాలన అక్కడికి బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ తన చట్టాన్ని వెంట తెచ్చుకున్నదే తప్ప, అక్కడ అప్పటికే ఒక కట్టుబాటు ఉన్నదన్న సంగతి పట్టించుకోలేదు. ఇంటి అవసరానికి, దేవతల కొలువుకు గీసుకునే కల్లు మీద పన్ను వేసి, గీత హక్కును కాంట్రాక్టర్లకు అప్పగించినందుకు 1879లో గోదావరి ఏజెన్సీలోని రంప ప్రాంతం భగ్గుమన్నది. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో సరైన కూలి ఇవ్వని వెట్టి తోడై 1922లో జనం అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. సర్కారు దృష్టిలో కల్లు ఒక ఆదాయ వనరు, కొండవాళ్లకు అది తిండి, మొక్కు, చుట్టరికం. నీ దగ్గరకు వచ్చే ప్రతి ఫైలులోనూ ఇలాంటి రెండు అర్థాల వస్తువు ఒకటి దాగి ఉంటుంది.

ఇక నా తప్పు. తొంభైల చివర్లో నేను ఎమ్మార్వోగా ఉన్నప్పుడు ఒక గూడెంలో చెక్‌డ్యామ్‌కు తీర్మానం కావాల్సి వచ్చింది. చింతచెట్టు కింద బల్ల, నాలుగు కుర్చీలు వేయించి, పట్నం తెలుగులో పావుగంట చదివి, అందరికీ సమ్మతమేనా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని వ్రాయించి, నలభైకి పైగా వేలిముద్రలు తీసుకుని, చీకటి పడకముందే జీపెక్కాను. రెండు నెలల తర్వాత పునాది తవ్వడానికి కూలీలు వెళ్లేసరికి ఊరంతా వాగు మలుపులో కూర్చుని ఉన్నది. మీరే కదా ఒప్పుకున్నారు అని నేను కసిరితే, ఊరి పెద్ద, అంటే అక్కడి మాటలో నాయుడు, చాలా నెమ్మదిగా అన్నాడు: “బాబూ, ఆ రోజు మేము ఇంకా మాట్లాడుకోలేదు కదా.”

ఆ గూడెంలో ఏ విషయం తెచ్చినా ఆ రోజే జవాబు చెప్పే అలవాటు లేదు. విన్నవాళ్లు ఇంటికి వెళతారు. రాత్రి పొయ్యి దగ్గర ఆడవాళ్లు తమ మాట చెబుతారు. రెండోసారి కూర్చున్నప్పుడు నాయుడు అందరి మాటా కలిపి ఒక మాటగా పలుకుతాడు. నేను వాళ్ల సగం సభను పూర్తి సభగా వ్రాసుకున్నాను. పైగా ఆ వాగు మలుపులో వాళ్లు తమ పెద్దల పేరిట నిలిపిన రాళ్లున్నాయి. నా నక్షాలో అవి ఉత్త రాళ్లు. చివరికి డ్యామ్‌ను రెండు వందల గజాలు పైకి జరిపితే, అడ్డుకున్న ఆ మనుషులే రాళ్లు మోసి పని పూర్తి చేశారు.

కాబట్టి నీ మొదటి సభను రెండు కూర్చోవడాలుగా పెట్టుకో. మొదటి రోజు విషయం చెప్పి, స్థలం చూపించి, ఒక్క సంతకం కూడా తీసుకోకుండా వచ్చేయి. వారం పది రోజుల తర్వాత వెళ్లి విను. కబురు నాయుడి ద్వారా బారికకు, అంటే ఊళ్లో చాటింపు వేసేవాడికి, చేరి, బారిక సాయంత్రం గూడెంలో కేక వేస్తేనే అది సభ, పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటిస్తే కాదు. సంత రోజున పెట్టవద్దు. చైత్రంలో ఇటుకల పండుగ నాళ్లలో అసలే వద్దు. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారిలో కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయే బండ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. నీ జీపునూ ఆపుతారు. హోదా గుర్తుచేయకుండా ఇచ్చి, నవ్వి వెళ్లు. కువి భాష మాట్లాడే కొండ్ తెగవాళ్ల గూడేనికి వెళితే, తెలుగు బాగా వచ్చిన కుర్రవాణ్ణి కాకుండా రెండు భాషలూ వచ్చిన పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకో. కుర్రవాడు నీకు నచ్చేలా తర్జుమా చేస్తాడు.

ఇందులో ఆచారాన్ని గౌరవించడమనే మర్యాద ఒక్కటే లేదు, చట్టమూ ఇదే కోరుతున్నది. 1996 డిసెంబరు 24న వచ్చిన పెసా చట్టం, అంటే పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన చట్టం, గ్రామం అనే మాటకే కొత్త అర్థం చెప్పింది. తమ సంప్రదాయాలు, ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చక్కబెట్టుకునే ఆవాసమో, కొన్ని ఆవాసాల కూటమో గ్రామం అన్నది. మన రాష్ట్రం 1998లో దానికి అనుగుణంగా చట్టం చేసుకున్నది కానీ, నియమాలు రావడానికి 2011 వరకు పట్టింది. ఈ ఆలస్యం గురించి నాకున్న కోపాన్ని ఇక్కడ పెట్టను. ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, పది కొండల మీద పరుచుకున్న గూడేలన్నిటికీ పంచాయతీ కేంద్రంలో ఒకే సభ పెట్టి చేతులు దులుపుకోకూడదు. నోటిఫై అయిన ప్రతి గ్రామానికీ నువ్వే నడిచి వెళ్లాలి.

చట్టం వాడిన మాటల్లో తేడా కూడా చూసుకో. భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలన్నది. చిన్న తరహా ఖనిజాల లీజులకైతే వాటి సిఫార్సు తప్పనిసరి అన్నది. సంప్రదింపు అంటే అడిగి వదిలేయడం అని పై ఆఫీసుల్లో ఒక దురభ్యాసం ఉన్నది, నువ్వు దానికి లోబడవద్దు. పక్కనే ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, జిల్లా జడ్జి సమక్షంలో 12 గూడేల సభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. అటవీ హక్కుల చట్టం కింద అక్కడి డోంగ్రియా కొండ్ తెగవాళ్లు తమ కొండ దేవుడి మీద హక్కును కూడా చెప్పుకోగలిగారు. మన వైపు అంతకు ముందే, 1997 జూలైలో, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉన్నది. గిరిజనేతరులకు భూమి ఇవ్వరాదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, చట్టంలోని వ్యక్తి అనే పదంలో ప్రభుత్వమూ ఉన్నదని ఆ తీర్పు చెప్పింది. నీ కుర్చీ వెనుక గోడకు ఏ పటం పెట్టుకున్నా, టేబులు సొరుగులో ఆ తీర్పు ప్రతి ఒకటి ఉంచుకో.

ఇంతవరకు చదివి, మామయ్య కొండవాళ్ల కట్టుబాట్లన్నీ మంచివే అంటున్నాడని అనుకోకు. పాత కుల పంచాయతీలో ఆడవాళ్లు చెట్టు నీడకు అవతలే నిలబడేవారు. పెసా ప్రకారం సర్పంచి పదవులన్నీ గిరిజనులకే, మన రాష్ట్ర చట్టం ప్రకారం వాటిలో సగం మహిళలకు. అయితే సభలో సర్పంచి భర్త కుర్చీలోనూ, సర్పంచి గడప దగ్గరా కూర్చోవడం నువ్వు చూస్తావు. అక్కడ నాయుడి పెద్దరికానికి మర్యాద ఇస్తూనే, మొదటి ప్రశ్న సర్పంచిని పేరు పెట్టి అడుగు, ఆమె నోరు విప్పేదాకా ఆగు. నువ్వు ఆడపిల్లవు కావడం ఇక్కడ నీకు బలం. నాకు ముప్పై ఏళ్లలో వినబడని మాటలు నీకు వాగు ఒడ్డున వినబడతాయి.

హద్దుల తగాదాలు, పశువులు చేలో పడటం, పెళ్లి విడిపోవడం, దానికి తప్పు, అంటే జరిమానా, కట్టించడం లాంటివి వాళ్ల పెద్దలకే వదిలేయి. కోర్టుకన్నా వాళ్లే తొందరగా, తక్కువ ఖర్చుతో తేలుస్తారు, చట్టమూ ఆ పద్ధతిని కాపాడమనే చెబుతున్నది. కానీ ఏ ముసలమ్మనో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందని అన్నారన్న గుసగుస వినిపిస్తే, అది ఆచారం కదా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఆ రాత్రే పోలీసులకు చెప్పి, ఆమెను అక్కడి నుంచి తప్పించు, ఆ తర్వాత ఊరితో మాట్లాడు. బాల్య వివాహమూ అంతే.

వారసత్వం ఇంకా చిక్కు. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు కనుక, కూతురికి వాటా ఉన్నదా లేదా అన్నది తెగ ఆచారాన్ని బట్టి పోతుంది. దానిని నువ్వు మార్చలేవు. నీ చేతిలో ఉన్నది ఒకటుంది. అటవీ హక్కుల పట్టా భార్యాభర్తల ఇద్దరి పేరా జాయింటుగా ఉండాలని 2006 చట్టమే చెప్పింది. పంపిణీ రోజున ప్రతి పట్టాలో రెండు పేర్లూ ఉన్నాయో లేదో నీ కళ్లతో చదువు. నేను చదవలేదు. ఒక వితంతువు నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది.

భూమి గురించి మరొక్క మాట. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం అమలు నీ శాఖ పని కాదు, అది రెవెన్యూవారిది. అయినా గ్రామసభలో అది వస్తుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి అధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని నిరూపించుకునే బాధ్యత అతనిదేనని ఆ చట్టం ఊహిస్తుంది. అందుకే కాగితాల మీద భూమి గిరిజనుడి పేరనే ఉంటుంది, పంట మాత్రం షావుకారు బండి ఎక్కుతుంది. అప్పు ఎవరి దగ్గర, వడ్డీ చింతపండులో కడుతున్నారా అని సభలో అడిగితే ఎవరూ చెప్పరు. సంతకు వెళ్లి, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోకు పోకుండా అడ్డాకుల కట్టలు ఏ అరుగు దగ్గర దిగుతున్నాయో చూడు. ఆ సంగతి స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కార్యాలయానికి వ్రాతపూర్వకంగా పంపు, నోటిమాటగా చెప్పి ఊరుకోకు.

మినిట్స్‌లో ‘ఏకగ్రీవంగా’ అని ముందే అచ్చు వేసిన ఫారాలు మీ ఆఫీసులో ఉండే ఉంటాయి, వాటిని వాడవద్దు. ఎవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో వాళ్ల మాటల్లోనే వ్రాయించు. కొత్తల పండుగ వెళ్లాక మీ అత్తయ్యా నేనూ అటు వస్తాము. ఆమె నీకు ఆవకాయ తెస్తుంది. నువ్వు నాకు ఆ రిజిస్టరు చూపించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య