‘ఈ పూట ఏం వండాలి?’ అన్నది మీ ఒక్కరి ప్రశ్న కాదు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నేను నాంపల్లిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మెట్రో దిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడవుతుంది. మావారిది ఐటీ ఉద్యోగం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా షిఫ్టు. బుధవారం ఇంటి నుంచే పని, శని ఆదివారాలు సెలవు. పాప ఇంటర్ రెండో సంవత్సరం, కాలేజీలో స్టడీ అవర్స్ అయ్యి ఎనిమిదింటికి వస్తుంది. బాబు ఎనిమిదో తరగతి. అత్తయ్యగారికి షుగర్, ఏడున్నరకి మాత్ర వేసుకుని తినాలి. ఒక్కొక్కరు ఒక్కో టైమ్‌కి తింటారు, ఒక్కొక్కరికి ఒక్కోటి వండాలి. ‘ఏం వండను?’ అంటే ‘ఏదో ఒకటి’ అంటారు, వండాక ‘మళ్లీ బీరకాయేనా?’ అంటారు. ఒక పద్ధతి ఉండాలని వారానికి సరిపడా మెనూ రాసి ఫ్రిజ్‌కి అంటించాను. సోమవారం గుడ్డేమిటని అత్తయ్యగారు, ఆఫీసులో తిని వచ్చానని ఆయన, మొత్తానికి మూడో రోజుకే అది మూలపడింది. కనీసం ఆదివారం రాత్రి అందరం కలిసి తిందామని నాలుగు రకాలు చేస్తున్నాను. ఆయన క్రికెట్ మ్యాచ్, బాబు ట్యాబ్. ఆయన పాపని మార్కులు అడుగుతారు, అది ప్లేటు పట్టుకుని గదిలోకి వెళ్లిపోతుంది. ‘మా కాలంలో పదిమందికి వండేవాళ్లం’ అంటారు అత్తయ్యగారు. రాత్రి పడుకున్నా రేపటి వంటే తిరుగుతుంటుంది, నిద్ర పట్టదు. నాకు ఇల్లు చక్కబెట్టుకోవడం చేతకాదేమోనని ఏడుపొస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఆఖరి మాట తీసేద్దాం. మీ చేతకానితనం ఇందులో ఎక్కడా లేదు. అయిదుగురి టైములు, ఇష్టాలు, మాత్రలు, పరీక్షలు, షిఫ్టులు, సోమవారం ఏం తినకూడదు, శనివారం ఏం తినకూడదు, ఇవన్నీ ఒక్కరి తలలో ఉన్నాయి. ఎవరి తలలో ఉన్నా ఇలాగే అవుతుంది. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మెట్రోలో నిలబడి ‘పెరుగు తోడేశానా, బియ్యం ఉన్నాయా’ అని మీరు వేసుకునే లెక్కలు ఈ నిమిషాలకు అదనమే.

మీ ఇంట్లో ముందు పంచుకోవాల్సింది ఆ లెక్కలనే. వంట తర్వాత సంగతి.

మీ మెనూ ఎందుకు నిలబడలేదో చూడండి. మీరు ఏడు రోజులకీ కొత్తగా ఒక టైమ్ టేబుల్ రాశారు. కానీ మీ ఇంటి వారానికి ముందునుంచే ఒక నడక ఉంది. సోమవారం అత్తయ్యగారికి గుడ్డు పనికిరాదు. చాలా ఇళ్లలో లాగే మీ ఇంట్లోనూ శనివారం ఆవిడది ఒంటిపూట భోజనమైతే, ఆ రాత్రి టిఫినే. ఆదివారం మధ్యాహ్నం చికెనో మటనో ఉంటుంది. ఆ నడకని అలాగే ఉంచి, దాని మీద ప్లాన్ వేయండి. వంటకం పేరు రాయకండి, రకం రాయండి. సోమవారం పప్పు అనుకోండి. అది తోటకూర పప్పా, దోసకాయ పప్పా అన్నది ఆ రోజు ఇంట్లో ఉన్నదాన్ని బట్టి. మంగళవారం పులుసు. గురువారం వేపుడు, చారు. శనివారం రాత్రికి దోసెలు కాబట్టి శుక్రవారం పొద్దున్నే మినప్పప్పు నానాలి. ఇంతకు మించి రాస్తే అది మళ్లీ మూలపడుతుంది.

ఒక్కొక్కరికీ ఒక్కోటి వండటం ఈ వారం నుంచే ఆపేయండి. షుగర్ ఉన్నవాళ్లకి వేరే వంట అక్కర్లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చూస్తే, మామూలు మనిషి పళ్లెంలోనే సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలని ఉంది. అంటే అత్తయ్యగారికి మంచిదైన భోజనమే మీ అందరికీ మంచిది. ఒకే కూర, ఒకే పప్పు. ఆవిడ పళ్లెంలో కూర ఎక్కువ, అన్నమో రొట్టో కొలతగా. వంకాయ తినని పిల్లాడికి పొయ్యి మీద ఇంకో మూకుడు పెట్టొద్దు. కందిపొడి, నెయ్యి, పెరుగు ఉన్నాయి. ఆ పూటకి అవి చాలు.

ఇక పంపకం. ఇక్కడ చాలామంది ఆడవాళ్లు చేసేదేమిటంటే, భర్త చేతికి చీటీ ఇచ్చి కూరగాయలు తెమ్మంటారు. ఆ చీటీ రాసేది ఎవరు? మళ్లీ మీరే కదా. అందుకని పని మొత్తం అప్పజెప్పండి. ఫ్రిజ్ తీసి ఏముందో చూడటం, ఏం కావాలో అనుకోవడం, ఆదివారం పొద్దున బాబుని వెంటబెట్టుకుని రైతు బజార్‌కి వెళ్లి తేవడం, తెచ్చినవి ఏరి సర్దడం, అంతా ఆయనదే. శనివారం పొద్దున, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి. రాత్రి పదకొండింటికి అలసి వచ్చిన మనిషితో ఈ మాట ఎత్తకండి. ‘ఏవండీ, నాకు సాయం చేయండి అని అడగడం లేదు. కూరగాయలు, సరుకులు ఇకనుంచి మీవి. ఏం తేవాలో నన్ను అడగొద్దు. మీరు ఏం తెస్తే అదే వండుతాను’ అని చెప్పండి. మొదటి రెండు వారాలు ముదురు బెండకాయలు వస్తాయి. ఒక్క మాట కూడా అనకండి. వాటిని తరిగే పని కూడా ఆయనకే ఇవ్వండి. మూడో వారం బజార్లో నిలబడి బెండకాయ కొస విరిచి చూస్తారు.

బాబుకి పదమూడేళ్లుంటాయి. రెండు గ్లాసుల బియ్యం కడిగి, నీళ్లు కొలిచి, ఆరూ ముప్పావుకి రైస్ కుక్కర్ స్విచ్ వేయడం వాడి పని. పబ్లిక్ పరీక్షలున్న పిల్లకి ఇంటిపని చెప్పకూడదంటారు చాలామంది. నేను ఒప్పుకోను. రాత్రి పాలు గోరువెచ్చగా చూసుకుని తోడేయడం, పొద్దుటికి నీళ్ల సీసాలు నింపడం, ఈ రెండూ పాపవి. పది నిమిషాలకి ర్యాంకు పోదు. ఒకరోజు తోడు మర్చిపోతుంది. మర్నాడు ఇంటిల్లిపాదికీ పెరుగు ఉండదు. ఉండకపోనివ్వండి, మీరు పరుగెత్తి ప్యాకెట్ తెచ్చారంటే ఆ పని మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

అత్తయ్యగారి విషయంలో మీకు కొంచెం కష్టమనిపించే మాట చెబుతాను. ‘రేపేం వండాలి’ అన్న నిర్ణయం ఆవిడకి అప్పగించండి. రాత్రి సీరియల్ అయ్యాక, ‘అత్తయ్యా, రేపు పప్పు రోజు. ఫ్రిజ్‌లో గోంగూర, టమాటా ఉన్నాయి. ఏది చేయమంటారో చెప్పండి, పొద్దున అడిగితే నాకు హడావుడి’ అనండి. పెత్తనం ఇచ్చేస్తున్నానేమో అని మీకు అనిపిస్తుంది. కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటి? మీరు నిర్ణయిస్తున్నారు, ఆవిడ వంక పెడుతున్నారు, మీరు మార్చుకుంటున్నారు. ఆ పెత్తనం ఎలాగూ ఉంది, బాధ్యత లేకుండా ఉంది. పదిమందికి వండిన మనిషి ఇవాళ అన్నం పెట్టించుకుని తినాల్సి వస్తోంది, ‘మా కాలంలో’ అన్న మాట వెనక ఆ బాధ కూడా ఉంటుంది. తను చెప్పిన గోంగూర తనే ఒలిచి పెడతారు చూడండి. సీరియల్ చూస్తూ ఆకు తుంచడం ఆ వయసువాళ్లకి పనిలా అనిపించదు. నిలవ కూర తినరంటారా, కూరలు వండి దాచకండి. చింతపండు గుజ్జు, అల్లం వెల్లుల్లి ముద్ద, వేయించిన పల్లీల పొడి, పులిహోర పులుసు ఆదివారం సిద్ధం చేసి పెట్టుకోండి. కూర ఏ పూటకాపూట తాజాగానే ఉంటుంది, మీరు ఇరవై నిమిషాల్లో బయటపడతారు.

ఇప్పుడు అందరూ కలిసి తినడం గురించి. ఆదివారం రాత్రి మానేయండి. మధ్యాహ్నం రెండున్నరకి మాంసం కూరతో తిన్నవాళ్లకి ఎనిమిదింటికి ఆకలి ఎక్కడుంటుంది? మీరేమో పొద్దుటినుంచీ వంటింట్లోనే ఉండి, మళ్లీ నాలుగు రకాలు చేసి, వాళ్ల ముఖాల్లో సంతోషం వెతుకుతున్నారు. ఆ రాత్రి పొయ్యి ఆయనకి అప్పజెప్పండి, ఉప్మా చేసినా సరే.

మీకు సరైన రోజు బుధవారం. ఆయన ఇంట్లో ఉంటారు, పాప ఎనిమిదింటికి వస్తుంది. ఎనిమిదీ పది నుంచి ఎనిమిదీ నలభై వరకు ఆయన్ని బ్రేక్ పెట్టుకోమనండి, క్యాలెండర్లో మీటింగ్‌లా బ్లాక్ చేసుకోమనండి. అరగంట చాలు. పప్పు, అప్పడం, పెరుగు చాలు. నాలుగు రకాలు చేసిన రోజు మీకు మెచ్చుకోలు కావాలనిపిస్తుంది, అది రాకపోతే ఏడుపొస్తుంది. పప్పన్నం పెట్టిన రోజు మీరు కూడా హాయిగా కూర్చుని తింటారు. వడ్డించేసి చివర్లో తినే అలవాటుంటే అది కూడా ఆ ఒక్క పూటకి మానండి, గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని ఎవరికి వారు వడ్డించుకోవచ్చు.

అత్తయ్యగారిని మాత్రం ఆ రోజు కూడా ఏడున్నరకే తిననివ్వండి. మీరందరూ వచ్చేదాకా ఆగుతానంటే ఒప్పుకోకండి. భోజనం ముందు వేసుకునే షుగర్ మాత్రల్లో కొన్ని, తిండి ఆలస్యమైతే షుగర్‌ని బాగా పడగొట్టేస్తాయి. ఆవిడ తినేసి, మీతో పాటు గ్లాసుడు మజ్జిగతో కూర్చుంటారు. మిగతా రోజుల్లో పదకొండింటికి వచ్చే మీవారి అన్నం కూడా ఏడింటినుంచీ పొయ్యి పక్కన ఉంచకండి. చల్లారగానే, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఆయన వచ్చాక పొగలొచ్చేలా వేడి చేసుకుంటారు. దానికోసం మీరు మేలుకుని ఉండక్కర్లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది పాప. ప్లేటు పట్టుకుని గదిలోకి వెళ్తోందని మీరు పొగరుగానో బద్ధకంగానో అనుకుంటున్నట్టుంది. దానికి ముందు వాక్యం మీరే రాశారు: ఆయన మార్కులు అడుగుతారు. పొద్దుటినుంచి కాలేజీలో ఆ మార్కులే విని వచ్చిన పిల్ల, ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు కూడా అదే వినలేదు. వారమంతా కూతురితో మాట్లాడే వీలు దొరకని తండ్రికి ఆ ప్రశ్న తప్ప ఇంకోటి తోచడం లేదు, అది కూడా నిజమే. అందుకని ఆ అరగంటకి ఇంట్లో ఒక్క కట్టుబాటు పెట్టండి: మార్కులు, డబ్బులు, ఫోన్లు కంచాల దగ్గరికి రాకూడదు. ఈ మాట పాప ముందు ఆయనకి చెప్పకండి, విడిగా చెప్పండి. మార్కుల గురించి మాట్లాడాలంటే శనివారం సాయంత్రం ఆయనా పాపా బయటికి నడిచి వెళ్లి మాట్లాడుకోవచ్చు. మొదటి బుధవారం ఎవరూ ఏమీ మాట్లాడకపోవచ్చు. కంగారుపడి మీరే ఆ మౌనాన్ని నింపకండి. పాప కంచం దగ్గర చివరిదాకా కూర్చుంటే ఆ వారానికి అదే ఎక్కువ.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం అందరికీ ఒకే వంట, బుధవారం భోజనం, మీవారికి కూరగాయల బాధ్యత, అంతే. బాబు కుక్కరూ పాప పెరుగూ వచ్చే వారం. అత్తయ్యగారితో మాట ఆ తర్వాత.

నిద్ర సంగతి మాత్రం వాయిదా వేయొద్దు. ఇలా పని పంచుకున్నాక కూడా రెండు వారాల పాటు నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా డాక్టర్‌ని కలవండి. వెళ్లడానికి సంకోచంగా ఉంటే, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.