చలికాలానికి ఏ ఆయిల్?

ప్రశ్న: మాది చిత్తూరు. పెట్రోల్ కారు. మాన్యువల్‌లో ఇంజను ఆయిల్ 5డబ్ల్యూ-30 అని ఉంది, మెకానిక్ 20డబ్ల్యూ-50 పోశాడు. డిసెంబరు పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు టకటకమంటోంది. నెలకోసారి తిరుమల ఘాట్ ఎక్కుతాం. ఏది పోయాలి?

జవాబు: మాన్యువల్‌లో ఉన్నదే పోయండి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకది 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. 20డబ్ల్యూను పరీక్షించేది మైనస్ 15 డిగ్రీల దగ్గర. కాబట్టి మన జిల్లా చలికి అది గడ్డకట్టదు. కానీ చిక్కటి ఆయిల్ పైనున్న వాల్వుల దాకా చేరడానికి ఆలస్యం చేస్తుంది, అందుకే ఆ చప్పుడు. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

ఘాట్ భయంతో 50కి వెళ్లనక్కర్లేదు. మాన్యువల్ పట్టికలో 5డబ్ల్యూ-40 కూడా ఉంటేనే దానికి మారండి. ఎక్కేటప్పుడు తక్కువ గేరు వాడితే ఇంజనుకు అదే పెద్ద మేలు.

మార్చేటప్పుడు ఇంజను అయిదు నిమిషాలు వేడి చేసి పాత ఆయిల్ దించండి. ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్ వాషరు కొత్తవి వేయండి. చెప్పిన కొలతకు కొంచెం తక్కువే పోసి, ఒక నిమిషం నడిపి ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది కలపండి. చప్పుడు అప్పటికీ ఆగకపోతే ఆయిల్ ప్రెషర్ చూపించండి.