సెక్స్తీలిస్ నెల

అమ్మాయీ,

నీ రోము కథ రెండుసార్లు చదివాను. వక్త సిసెరో కాన్సుల్‌గా, అంటే రోములో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారిగా ఉన్న క్రీ.పూ. 63 నాటి వీధిని, అప్పులిచ్చే ఆ ముసలివాడి గుమ్మాన్ని కళ్లకు కట్టావు. కానీ మూడో పేజీలో అతను "ఆగస్టు ఒకటికల్లా బాకీ తీర్చకపోతే ఇల్లు రాయించుకుంటాను" అన్నాడు చూడు, ఆ ఒక్క మాటతో రోము చెదిరిపోయింది. అప్పటికి ఆగస్టు అనే నెలే లేదు. ఆ పేరుకు మూలమైన ఆగస్టస్, రోము తొలి చక్రవర్తి, పుట్టిందే ఆ ఏడాది సెప్టెంబరులో. ఆయన పేరు నెలకు పెట్టింది క్రీ.పూ. 8లో.

నీ ముసలివాడు అనాల్సిన మాట సెక్స్తీలిస్. ఏడాది మార్చితో మొదలైన పాత కాలంలో అది ఆరో నెల. పేరుకు అర్థమూ అదే. దాని ముందుది క్వింతీలిస్, ఐదోది. సీజర్ పుట్టిన నెల కాబట్టి, ఆయన హత్య జరిగిన క్రీ.పూ. 44లోనే దాన్ని యూలియుస్‌గా, అంటే మన జూలైగా మార్చారు. సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది అన్న అంకెలే పేర్లు. కాన్సుళ్లు క్రీ.పూ. 153 నుంచి జనవరి ఒకటిన పదవి చేపట్టడంతో వాళ్ల ఏడాది జనవరితో మొదలై సెప్టెంబరు తొమ్మిదో నెల అయినా, ఆ అంకెలను ఎవరూ సరిచేయలేదు. ఈ పేర్లను కంఠతా పట్టేటప్పుడు ఒక్కో పేరు పక్కన అది పుట్టిన ఏడాది కూడా రాసుకో. కథకుడికి అర్థం ఎంత అవసరమో ఆ ఏడాదీ అంతే అవసరం.

"ఒకటో తారీఖు" కూడా అతని నోట పలకదు. నెల మొదటి రోజును రోమన్లు కలెందే అనేవారు. వడ్డీలు కట్టాల్సిన రోజు అదే. అందుకే అప్పుల ఖాతా పుస్తకానికి కలెందారియుం అని పేరు. మన క్యాలెండర్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ పుస్తకాన్ని ముసలివాడి ఒళ్లో పెట్టు. కథకు ఇంతకంటే మంచి వస్తువు నీకు దొరకదు.

నెలల పేర్లు లాటిన్‌లో విశేషణాలు. మార్తియుస్ అంటే మార్స్ దేవుడికి చెందిన నెల. చిత్త నక్షత్రం దగ్గర పున్నమి వచ్చే మాసం చైత్రం అయినట్టే. ఈ పోలిక నిజమైనదే, వాడుకో. కానీ సప్త, అష్ట, నవ, దశలకు "అంబరం" చేర్చి సెప్టెంబరు మన సంస్కృతం నుంచి వెళ్లిందని చెప్పే మాటను మాత్రం నీ కథలోకి రానివ్వకు. లాటిన్ సెప్తెమ్, సంస్కృతం సప్త ఒకే తల్లి బిడ్డలు. ఒకదానికి ఒకటి అప్పుపడలేదు. వినసొంపుగా ఉందని ఒక వ్యుత్పత్తిని నమ్మితే పాఠకుడికి అబద్ధం అందించినవాళ్లం అవుతాం. ఈ విషయంలో నేను కఠినంగానే ఉంటాను.

తేలనిదాన్ని తేలనట్టే వదలడం రోమన్ కవి ఓవిడ్ దగ్గర నేర్చుకో. రోమన్ పంచాంగం మీద ఆయన రాసిన ఫాస్తీ కావ్యంలో మే నెల పేరు గురించి కళాదేవతలు వాదులాడుకుంటారు. ఆ పేరు పెద్దల నుంచి వచ్చిందని ఒకరు, మాయా అనే దేవత నుంచి వచ్చిందని మరొకరు. జూన్ కోసం జూనో దేవత స్వయంగా వచ్చి అది తన పేరేనంటుంది, యవ్వన దేవత వచ్చి కాదు, తనదంటుంది. కవి తీర్పు చెప్పడు. పండితులు తేల్చలేని ఆ చోటును ఆయన నాటకంగా మలుచుకున్నాడు. ఏప్రిల్ కూడా అలాంటిదే. తెరుచుకోవడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చిందని పాతవాళ్లే కొందరు అన్నారు, వీనస్ దేవత నెల అని మరికొందరు అన్నారు. నీ కథలో ఏప్రిల్ ప్రస్తావన వస్తే ఇద్దరు పాత్రల చేత ఆ వాదన చేయించు.

జనవరి విషయంలో అంత తగవు లేదు. లాటిన్‌లో తలుపు యానువా, ద్వారాల దేవుడు యానుస్, ఆయన నెల యానువారియుస్. నువ్వు ముసలివాణ్ణి గుమ్మంలో కూర్చోబెట్టావు కదా, ఆ గుమ్మం మీద ఒక్క వాక్యం ఎక్కువ రాసినా నాకు అభ్యంతరం లేదు.

మూడో పేజీ తిరగరాసి పంపు. "సెక్స్తీలిస్ కలెందే నాటికి" అని అతను బెదిరించే చోటు ముందుగా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు