హెచ్‌ఐవీ ల్యాబ్‌కు బిడ్డను పంపాలా?

ప్రశ్న: మాది పరకాల. మా బిడ్డ హనుమకొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులు ఎందుకు పని చేయడం లేదో తేల్చే ల్యాబ్‌లో చేరతానంటోంది. ఆ రక్తంతో పనంటే నాకు టెన్షన్‌గా ఉంది. పైగా ఉద్యోగాలున్నాయా?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. గ్లౌజులు వేసుకుని, బయోసేఫ్టీ క్యాబినెట్‌లో (క్రిములు బయటికి రాకుండా గాలిని వడగట్టే పెట్టెలో) చేసే పని ఇది. పొరపాటున ఆ రక్తం అంటిన సూది గుచ్చుకున్నా వైరస్ సోకేది వెయ్యిలో ముగ్గురికి. అప్పుడు కూడా వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది.

ఇక పని. హెచ్‌ఐవీ తనను తాను కాపీ చేసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకోదు. మాత్రలు వేసుకోవడంలో గ్యాప్ వస్తే, మందుకు లొంగని తప్పున్న వైరస్ పెరిగిపోతుంది. ఉదాహరణకు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌లో 184వ స్థానంలో మెథియొనిన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ అనేది వచ్చిందంటే లామివుడిన్ అనే హెచ్‌ఐవీ మందుకు వైరస్ గట్టిగా తట్టుకుంటుంది. రక్తంలోంచి వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ తీసి, డీఎన్‌ఏగా మార్చి, పీసీఆర్‌ అనే పద్ధతిలో దాని కాపీలు పెంచి, అక్షరాల వరుసను చదివే సీక్వెన్సర్‌ మిషన్‌లో చదివి ఆ మార్పును పట్టుకుంటారు. పేషెంట్ మందులు ఆపేశాక శాంపిల్ తీస్తే మొండి వైరస్ మిగతావాటి చాటున దాగిపోవచ్చు, రిపోర్టు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక మనిషికి ఏ మందు మార్చాలో డాక్టర్ ఆ రిపోర్టు చూసి నిర్ణయిస్తారు. మీ అమ్మాయి ఎంచుకున్నది అంత విలువైన పని. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

ఉద్యోగాల విషయంలో మాత్రం జాగ్రత్త. ఈ పరీక్ష చేసే ల్యాబ్‌లు తక్కువ. హెచ్‌ఐవీ ఒక్కటే అని పట్టుకుని కూర్చోవద్దని చెప్పండి. ఇదే సీక్వెన్సింగ్ టీబీకి, హెపటైటిస్‌కు, క్యాన్సర్‌కు కూడా పనికొస్తుంది. ఆసుపత్రుల్లో టెక్నీషియన్ పోస్టులకు ఎక్కువగా ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదువు అడుగుతారు, అది గుర్తుంచుకోండి. రీసెర్చ్, సీక్వెన్సింగ్ వైపు వెళ్లాలంటే ఎమ్మెస్సీ మేలు. సీపీగెట్ (తెలంగాణలో పీజీ సీట్ల ఎంట్రన్స్) రాస్తే కాకతీయ యూనివర్సిటీలోనే, ఇంటికి దగ్గర్లో చదువుకోవచ్చు. బయోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్‌తో జన్యు సమాచారాన్ని విశ్లేషించడం) కూడా కాస్త నేర్చుకోమనండి, సీక్వెన్స్ చదివి అర్థం చేసుకోవాలి కదా.

చేరే ముందు ఏ కాలేజీ అయినా సరే, అక్కడి సీనియర్లను ఒక్కమాట అడగమనండి: పీసీఆర్ మిషన్ మీ చేతులతో నడిపారా, పక్కన నిలబడి చూశారా? చూశామంటే ఇంకో కాలేజీ వెతకండి.