వడ్డీ లేని ఇల్లు దానమా? 300 గంటల చెమట, 30 ఏళ్ల కిస్తీ

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలో ఉంటాం. గ్రీన్ కార్డు ఉంది. మావారు గ్రోసరీ స్టోర్‌లో, నేను డేకేర్‌లో పనిచేస్తాం. ఇద్దరి జీతం కలిపి ఏడాదికి 52,000 డాలర్లు. ఇద్దరు పిల్లలు. అద్దె నెలకు 1,650. వాలంటీర్లతో ఇళ్లు కట్టించే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ స్థానిక శాఖవాళ్లు ఇంటికోసం మేం పెట్టుకున్న దరఖాస్తు ఒప్పుకున్నారు. ఇంటి విలువ 2,80,000 డాలర్లు. అందులో 2,10,000 వడ్డీ లేకుండా 30 ఏళ్లలో కట్టాలి. మిగతా 70,000 రెండో తనఖా, దానికి నెలనెలా ఏమీ కట్టక్కర్లేదట. ట్యాక్సు, ఇన్సూరెన్సు నెలకు సుమారు 420. ఇవి కాక మేమిద్దరం కలిసి 300 గంటలు ఇళ్లు కట్టే పనిలో చేయి వేయాలి. డాలస్‌లో ఉండే మా బావగారు, ‘వాలంటీర్లు కట్టిన ఇల్లు, రేపు అమ్మితే లాభం కూడా పూర్తిగా మీది కాదు, రెండేళ్లు ఆగి మార్కెట్లో కొనుక్కోండి’ అంటున్నారు. ఖమ్మం దగ్గర ఊళ్లో ఉన్న మా మామగారు ‘దానం ఇల్లా?’ అని చిన్నబుచ్చుకున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తీసుకోండమ్మా. ఒక్క కాగితం మాత్రం జాగ్రత్తగా చదివాకే సంతకం పెట్టండి, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

2,10,000ని 360 నెలలకు పంచితే నెలకు 583 డాలర్లు. ట్యాక్సు, ఇన్సూరెన్సు 420 కలిపితే 1,003. మీ నెల ఆదాయం పన్నులకు ముందు 4,333 కాబట్టి అందులో ఇది 23 శాతం. ఇప్పుడు కడుతున్న అద్దె 38 శాతం.

ఇదే 2,10,000 బ్యాంకు 6.5 శాతం వడ్డీకి ఇస్తే కిస్తీ 1,327 అవుతుంది. 30 ఏళ్లకు కట్టే వడ్డీ ఒక్కటే సుమారు 2,68,000, అంటే తీసుకున్న అప్పుకంటే ఎక్కువ. మన ఊళ్లలో వడ్డీ వ్యాపారి దగ్గర నలిగినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చాలా కుటుంబాలకు ఇల్లు అందకుండా చేసేది ఇటుకా కలపా కాదు, వడ్డీ. ఈ సంస్థ చేసే అసలు పని ఆ బరువు తీసేయడమే. వాలంటీర్ల సుత్తి చప్పుడు అందరికీ వినిపిస్తుంది కానీ, మీకు దక్కే పెద్ద మేలు ఆ కిస్తీ కాగితంలో ఉంది.

‘రెండేళ్లు ఆగండి’ అన్న మీ బావగారి సలహా కూడా లెక్క వేసి చూశాను. ఇదే ధర ఇంటికి 3.5 శాతం డౌన్ పేమెంటు, అంటే 9,800 డాలర్లు, మీరు చేతినుంచి పెట్టారనుకుందాం. మిగతా 2,70,200 మీద 6.5 శాతం వడ్డీతో కిస్తీ 1,708. ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపితే 2,128. అది మీ ఆదాయంలో 49 శాతం, ఇందులో మార్ట్‌గేజ్ ఇన్సూరెన్సు (డౌన్ పేమెంటు తక్కువైతే అప్పిచ్చినవాళ్ల రక్షణకోసం మీరే కట్టాల్సింది) ఇంకా కలపలేదు. రెండేళ్లలో మీ జీతాలు బాగా పెరిగితే తప్ప ఆ దారి మీకు దారి కాదు. సాఫ్ట్‌వేర్ జీతాల మధ్య ఉన్నవాళ్లకు ఈ తేడా వెంటనే తోచదు, ఆయన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఆయన సలహా మీ ఆదాయానికి సరిపోయే సలహా కాదు.

వడ్డీ కట్టకపోతే ట్యాక్స్ మినహాయింపు పోతుందని కూడా ఎవరో ఒకరు అంటారు. పట్టించుకోకండి. ఖర్చుల లెక్క చూపకుండానే పన్ను ఆదాయంలోంచి తీసేసుకోనిచ్చే మొత్తాన్ని స్టాండర్డ్ డిడక్షన్ అంటారు. 2025కి దంపతులకు అది 31,500 డాలర్లు. పైన చెప్పిన బ్యాంకు అప్పుకైనా మొదటి ఏడాది వడ్డీ 13,500 చిల్లరే. మీరు ఎలాగూ స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటారు, కాబట్టి పోయేదేమీ లేదు.

ఇక అమ్మకం మాట. అమ్మితే లాభం పూర్తిగా రాదన్నది చాలా శాఖల్లో నిజమే. ఆ 70,000 రెండో తనఖా అందుకే ఉంది. మార్కెట్ ధరకీ మీరు కట్టగలిగే అప్పుకీ మధ్య తేడాను దాని కింద రాస్తారు. తక్కువకు కొని ఏడాది తిరక్కుండా ఎవరూ ఎక్కువకు అమ్ముకుపోకుండా అది కాపలా. మీరు శ్రద్ధగా చదవాలన్న కాగితం ఇదే. ఈ మొత్తం ఏటా కొంచెం కొంచెంగా మాఫీ అవుతుందా, లేక ఎప్పుడు అమ్మినా పూర్తిగా తిరిగి కట్టాలా? ఇల్లు పెరిగిన విలువలో సంస్థకు వాటా ఉందా, ఉంటే ఎంత? అమ్మదలిస్తే ముందుగా వాళ్లకే అమ్మజూపాలన్న షరతు ఉందా? నేల కూడా మీ పేరు మీదకు వస్తుందా, లేక నేలను తన పేరునే ఉంచుకునే ల్యాండ్ ట్రస్టు దగ్గర లీజులో ఉంటుందా? పిల్లల చదువుకోసం ఇంటి మీద మళ్లీ అప్పు తీసుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి? ఈ సంస్థలో ఒక్కో శాఖ పద్ధతి ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల బయటి సంస్థల ద్వారా కొద్దిపాటి వడ్డీతో అప్పు ఇప్పించడమూ ఉంది. కాబట్టి పక్క ఊరివాళ్లకు ఏం ఇచ్చారన్నది మీకు ప్రమాణం కాదు. మీ పేరుతో ఉన్న కాగితంలో ఏం రాశారన్నదే లెక్క.

కాస్త గట్టి షరతే ఉందనుకుని చూద్దాం. ఏడేళ్ల తర్వాత 3,30,000కి అమ్మారు, 70,000 పూర్తిగా తిరిగి ఇచ్చారు, పెరిగిన విలువలో మాత్రం వాళ్లకు వాటా లేదు. ఏడేళ్లలో అసలు 49,000 తీరి 1,61,000 మిగులుతుంది. అమ్మకం ఖర్చులు పోకముందు మీ చేతికి 99,000. వడ్డీ అప్పులో ఇదే ఏడేళ్లలో తీరే అసలు 20,000 చిల్లర మాత్రమే. వడ్డీ లేని అప్పులో కట్టిన ప్రతి డాలరూ అసలులోకే పోతుంది. లాభంలో కొంత వదులుకున్నా మీ పొదుపు ఆగదంటున్నది ఇందుకే.

వాలంటీర్లు కట్టిన ఇల్లు గట్టిగా ఉంటుందా అన్న భయం ఉంటే వెళ్లి సైట్ చూడండి. చెక్క ఫ్రేము నిలబెట్టడం, సైడింగ్ (బయటి గోడలకు పలకలు బిగించడం), పెయింటింగ్ లాంటి పనులు వాలంటీర్లు చేస్తారు, పక్కనే అనుభవమున్న సూపర్‌వైజర్ ఉంటారు. కరెంటు, ప్లంబింగ్ లాంటివి లైసెన్సున్నవాళ్ల పని. అందరి ఇళ్లకూ వచ్చే ఇన్‌స్పెక్టరే ఈ ఇంటికీ వస్తారు. 1992లో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాను తుడిచిపెట్టినప్పుడు చుట్టుపక్కల ఇళ్లు కూలినా హ్యాబిటాట్ ఇళ్లు నిలబడ్డాయి. అనుభవం లేని వాలంటీర్లు ఒక మేకు చాలినచోట రెండు కొట్టడమే కారణమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

300 గంటల గురించి వేరుగా చెప్పాలి, మీకు అసలు కష్టం అక్కడే. రోజుకు 8 గంటల చొప్పున ఇద్దరూ వెళితే 19 శనివారాలు. మీవారి స్టోర్‌లో శనివారాలే రద్దీ అయితే ఆ షిఫ్టులు పోతాయి. ఆయన వాటా 150 గంటలకు, గంటకు 15 డాలర్ల చొప్పున చూసినా 2,250 డాలర్ల కూలి నష్టం. ఈ డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టుకోండి, క్రెడిట్ కార్డు మీదకు పోనివ్వకండి. గంటలన్నీ సుత్తి పట్టే పనే కానక్కర్లేదు. విరాళంగా వచ్చిన సామాను అమ్మే వాళ్ల రీస్టోర్ దుకాణంలో పని, ఇంటి బడ్జెట్ మీద క్లాసులు కూడా చాలాచోట్ల లెక్కలోకి వస్తాయి. స్నేహితులూ బంధువులూ కొన్ని గంటలు చేసిపెట్టొచ్చు, ఎంతవరకన్నది మీ శాఖను అడగండి. బావగారిని ఒక శనివారం పిలవండి, ఇల్లు ఎలా కడుతున్నారో ఆయనే చూస్తారు. 16 ఏళ్లలోపు పిల్లల్ని నిర్మాణం జరిగేచోటికి రానివ్వరు, కాబట్టి ఆ రోజుల్లో పిల్లల్ని చూసే మనిషిని ముందే కుదుర్చుకోండి.

మామగారి మాట చివర్లో చెప్పాల్సింది కాదు, కానీ లెక్కలు తేలకుండా చెబితే ఓదార్పులా ఉంటుందని ఆగాను. ఈ పద్ధతి పుట్టింది జార్జియా రాష్ట్రంలో, అమెరికస్ పట్టణం దగ్గర కొయినోనియా అనే పొలంలో. 1942లో క్లారెన్స్ జోర్డాన్ మొదలుపెట్టిన ఆ పొలంలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి పనిచేసి కలిసి తిన్నారు, అందుకు దాడులు కూడా భరించారు. ఆస్తి వదులుకుని అక్కడికి చేరిన మిలార్డ్ ఫుల్లర్, ఆయన భార్య లిండా 1976లో ఈ సంస్థను స్థాపించారు. లాభం లేకుండా అమ్మాలి, వడ్డీ తీసుకోకూడదు, ఇల్లు పొందేవాళ్లూ పనిచేయాలి, వాళ్లు కట్టే కిస్తీలతో ఇంకొకరికి ఇల్లు లేవాలి. ఆ పొలంలో అనుకున్న ఈ నియమం మీదే సంస్థ నిలబడింది. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984 నుంచి తొంభై ఏళ్లు దాటేదాకా ఏటా సుత్తి పట్టుకుని వెళ్లింది ఈ ఇళ్లకే. 2006లో మహారాష్ట్రలోని లోణావలా దగ్గరికీ వచ్చి కట్టారు.

మామగారికి ఇంకో సంగతి చెప్పండి. ఈ సంస్థ భారతదేశంలో తొలిసారి పని మొదలుపెట్టింది 1983లో, ఖమ్మంలోనే.

దానమంటే ఇచ్చి మరచిపోయేది. మీరు 30 ఏళ్లలో 2,10,000 డాలర్లు తిరిగి కడుతున్నారు, పైగా 300 గంటలు ఒళ్లు వంచుతున్నారు. మీ 583 డాలర్లు ఎవరి లాభంలోకీ పోవు, తర్వాతి ఇంటి పునాదిలోకి పోతాయి. రెండో ఏడు కిస్తీ కడుతున్నప్పటికే ఇంకో కుటుంబం ఇంట్లో మీ డబ్బు కూడా కొంత కలిసి ఉంటుంది. ఇది తీసుకోవడానికి తల వంచుకోవాల్సిన పని ఎంతమాత్రం లేదు.

అద్దెకీ కిస్తీకీ తేడా నెలకు 647 డాలర్లు మిగులుతుంది. మొదటి రెండేళ్లు దాన్ని జీతంలో పెరుగుదలగా లెక్కపెట్టకండి. అద్దె ఇంట్లో ఏసీ పాడైతే ఓనరుకు ఫోన్ చేసేవారు, ఇకమీద ఆ ఖర్చు మీది. 200 ఇంటి మరమ్మతుల ఖాతాలోకి, 300 ఆరు నెలల ఖర్చు పోగయ్యేదాకా ఎమర్జెన్సీ ఖాతాలోకి వెళ్లాలి. మిగిలిన 147లోంచి ఇద్దరికీ టర్మ్ ఇన్సూరెన్సు తీసుకోండి, ఎందుకంటే ఒకరి జీతం ఆగినా ఆ 1,003 ఆగదు. ట్యాక్సు, ఇన్సూరెన్సు ఏటా పెరుగుతాయి కాబట్టి మొత్తం 1,003 అలాగే ఉండిపోతుందని అనుకోకండి. మారనిది 583 ఒక్కటే.

క్లోజింగ్ (సంతకాలయ్యి ఇల్లు మీ పేరు మీదకు మారడం) అయ్యేదాకా కొత్త కారు లోను వద్దు, ఎవరి అప్పుకూ హామీగా కో-సైన్ చేయొద్దు, చీటీ పాడి పెద్ద మొత్తం ఖాతాలో వేయొద్దు. అప్పు, ఆదాయం, ఖాతా వివరాలు మళ్లీ చూస్తారు. రెండో తనఖా కాగితం నకలు వారం ముందే అడిగి తెచ్చుకుని, హెచ్‌యూడీ (అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ) గుర్తింపు ఉన్న హౌసింగ్ కౌన్సెలర్ దగ్గర కూర్చుని వాక్యం వాక్యం చదివించుకోండి. ఆ సేవ చాలాచోట్ల ఉచితం, లేదా నామమాత్రపు రుసుము. పైన రాసిన ప్రశ్నలకు వాళ్ల జవాబులు నాకు పంపితే, అమ్మకం లెక్క మీ షరతులతోనే మళ్లీ వేసి చెబుతాను.