పరాయి దేశపు పల్లెలో పెద్దవారి పక్కన కూర్చోబోయే నీకు

నాయనా,

ప్రభువు నామంలో నీకు శుభములు. వచ్చే నెలలోనే ప్రయాణమని, నిన్ను పంపుతున్న గ్రామంలో పడుచువారంతా పట్నాలకు వెళ్లిపోగా మిగిలినవారిలో చాలామంది డెబ్బై దాటినవారేనని, వారితో చెలిమి ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. ఇరవై రెండేళ్లు పరాయి దేశపు పల్లెల్లో పరిచర్య చేసి వచ్చినవాణ్ని కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను. అందులో సగం తప్పు చేసి నేర్చుకున్నదే.

ఆ తప్పుల్లో పెద్దదాన్ని ముందే చెబుతాను. వెళ్లిన మొదటి ఏడాది ఒక పెద్దాయన ఇంటికి వారం వారం వెళ్లి, అప్పటికి వచ్చిన కొద్దిపాటి భాషలో సువార్త చెప్పేవాణ్ని. ఆయన ఒక్క మాటకైనా అడ్డు చెప్పకుండా తల ఊపుతూ వినేవారు. ఆయన విశ్వాసంలోకి వస్తున్నారని నేను ప్రార్థన లేఖలో రాసి పంపితే, ఇక్కడ మన సంఘంవారు ఆయన కోసం ఉపవాస ప్రార్థన కూడా పెట్టారు. నాలుగు నెలలు గడిచాక ఆయన కోడలు నన్ను గుమ్మం దగ్గర ఆపి, మామగారికి ఎడమ చెవి బొత్తిగా వినపడదని, కుడి చెవి అంతంతమాత్రమేనని, నేను ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చుంటున్నానని, అంత దూరం నుంచి వచ్చిన మనిషిని చిన్నబుచ్చడం ఇష్టం లేక ఆయన తల ఊపుతున్నారని మెల్లగా చెప్పింది. ఆయన మర్యాదను నేను మారుమనస్సుగా లెక్క వేసుకున్నాను.

కనుక సిద్ధాంతాల కంటే ముందు చెవుల సంగతి చూసుకో. వయసు మీద పడి వచ్చే చెవుడులో సాధారణంగా ముందు పోయేవి సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. స, శ, త వంటి హల్లులు చెరిగిపోయి అచ్చులు మిగులుతాయి కనుక, ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది కానీ ఏమంటున్నారో తెలియదు. దానికి నీ విదేశీ యాస తోడైతే చెప్పనక్కరలేదు. కేకలు వేస్తే లాభం లేకపోగా, నలుగురిలో వారికి అవమానం. వెలుగు నీ ముఖం మీద పడేటట్టు ఎదురుగా, వారి కళ్ల ఎత్తుకు తగ్గి కూర్చుని, గొంతు స్థాయిని (శబ్దాన్ని కాదు) కొంచెం దించి నిదానంగా మాట్లాడు. అర్థం కానప్పుడు అదే వాక్యాన్ని మూడుసార్లు అప్పజెప్పకుండా వేరే మాటల్లో చెప్పు.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్యగారు చేసిన ప్రసంగం గురించి నీవు వినే ఉంటావు. ఆయన తిరునెల్వేలి ప్రాంతంనుంచి దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని మనవారి మధ్య పనిచేసి, 1912లో అక్కడి బిషప్ అయినవారు. మీరు పేదలకు ఆస్తి ఇచ్చారు, దేహాలను కూడా అర్పించారు, అయినా మేము ప్రేమను అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆయన పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే అన్నారు. అప్పుడు మనం అడిగేవారి వైపు ఉన్నాము. ఇప్పుడు విమానమెక్కి వెళ్తున్నది మనమే కనుక ఆ మాట మనకే తగులుతుంది.

ఇక నా అనుభవంలో పెద్దవారి చెలిమికి దగ్గరి దారి ఒకటే: వారిని ఏదైనా అడగడం. డెబ్బై ఏళ్లు చేతులతో పనిచేసిన మనిషికి అందరూ సాయం చేయడానికే వస్తుంటే తాను ఎందుకూ పనికిరాననే దిగులు ముదురుతుంది. నీకు అక్కడి భాష రాదు, తోవలు తెలియవు, కొడవలికి పదును పెట్టడం చేతకాదు. ఇవన్నీ నీ పెట్టుబడి. ఆ భాషలో ఒక ధ్వని ఎంత ప్రయత్నించినా నా నోట పలికేది కాదు. పక్కింటి ముసలమ్మ ఒకరోజు నా చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టి, ఆ అదురు నా వేళ్లకు తెలిసేవరకు అదే మాటను పదేపదే పలికింది. నేను అన్నది విని కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. మర్నాడు వెళ్లేసరికి ఇద్దరు స్నేహితురాళ్లను పిలిపించి, మళ్లీ అనమంది. అంతవరకు ఆ ఊళ్లో నేను పాదిరీని, ఆ రోజు నుంచి ఆమె శిష్యుణ్ని.

చెప్పిన కథనే మళ్లీ చెబుతారు, వినాలి. మూడోసారి కొత్తగా చేరిన చిన్న సంగతిలోనే తరచు అసలు బాధ ఉంటుంది. మతిమరుపు ముదిరినవారిని గుర్తున్నానా అని పరీక్షించకుండా, వెళ్లిన ప్రతిసారీ నీ పేరు నీవే చెప్పుకో.

నీవు ఎందుకు వచ్చావో మొదటి రోజే దాపరికం లేకుండా చెప్పు. తర్వాత తెలిస్తే అంతవరకు చేసిన స్నేహమంతా ఎరగా కనిపిస్తుంది. చావు గురించి, పోయిన బిడ్డల గురించి పెద్దవారు తామే అడుగుతారు. అప్పుడు నీ విశ్వాసం చెప్పు, కానీ వారి జబ్బును, భయాన్ని, ఒంటరితనాన్ని ఆసరా చేసుకుని ఒప్పించకు. బాప్తిస్మం కావాలని ఎవరైనా అంటే ముందు తమ పిల్లలతో మాట్లాడమను. దేశ చట్టం కూడా తెలుసుకుని వెళ్లు. నేపాల్‌లో 2015 రాజ్యాంగపు 26వ అధికరణం ఒకరిని మతం మార్చడాన్ని నిషేధిస్తుంది, శిక్షాస్మృతి ఐదేళ్ల వరకు జైలు చెబుతుంది. విదేశీయుణ్ని శిక్ష తర్వాత పంపించివేస్తారు, కానీ ఊరివారి మాటలు పడుతూ అక్కడే మిగిలిపోయేది నీ మాట విని మతం మారిన వృద్ధుడు. ఇక నీ విశ్వాసం తమకు వద్దన్నవారి ఇంటికి రాకపోకలు మానేశావంటే, నీ స్నేహం ఏపాటిదో ఊరంతటికీ ఒక్కరోజులో తెలిసిపోతుంది.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. అప్పు ఇవ్వకు, పుచ్చుకోకు; వారి పింఛను పుస్తకం, ఇంటి తాళం, వేలిముద్ర వేసే కాగితం నీ చేతుల్లోకి రానివ్వకు. నీ సంచిలోని నొప్పి మాత్ర కూడా ఇవ్వకు, రక్తపోటో మూత్రపిండాల జబ్బో ఉన్నవారికి అది హాని చేయవచ్చు. అనుమతి లేనిదే వారి ఫొటోలు, పేర్లు ప్రార్థన లేఖల్లో పెట్టకు.

చివరి సంగతి సెలవు తీసుకోవడం. ఎనభై ఏళ్ల మనిషి నీ ప్రయాణం మాట వినగానే నీవు తిరిగి వచ్చేసరికి తాను ఉంటానా అని లెక్క వేసుకుంటుంది. నేను ఆ గొంతు పాఠం చెప్పిన ముసలమ్మకు వారం ముందు మాత్రమే చెప్పాను. బయలుదేరే రోజున ఆమె తలుపు తీయలేదు. నీవు కొన్ని నెలల ముందే చెప్పు. వచ్చాక ఉత్తరం పెద్ద అక్షరాలతో రాయి, దాన్ని చదివి వినిపించే పొరుగువారిని కూడా పేరు పెట్టి పలకరించు, ఎందుకంటే ఆ ఒక్క ఉత్తరాన్నే వారి చేత ఎన్నోసార్లు చదివించుకుంటారు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న